బాప్తిస్మపు తొట్టిలో నల్ల మచ్చ

అనంతగిరి దాటి అరకు వైపు వెళ్ళే రోడ్డులో ఒక రిసార్టు ఉంది. అక్కడి స్విమ్మింగ్ పూల్ శుభ్రంగా ఉంచడం నా ఉద్యోగం. పొద్దున్నే మంచు విడవకముందే వెళ్ళి, పొడవాటి కర్రకి కట్టిన వలతో రాలిన సిల్వర్ ఓక్ ఆకులు తీస్తాను. నీళ్ళు పరీక్ష చేస్తాను. తర్వాత అంచున చతికిలబడి, అడుగు వైపు చూస్తూ కాసేపు ఊరికే కూర్చుంటాను. కొత్తగా వచ్చిన ప్రతి మేనేజరూ ఒకసారి అడుగుతాడు, "ఏంటయ్యా, పూల్‌కి ప్రార్థన చేస్తున్నావా?" అని. నవ్వేసి ఊరుకుంటాను. అలా చూడటం నేను ఉద్యోగంలో నేర్చుకోలేదు. మా ఊరి చర్చిలో, బాప్తిస్మపు తొట్టి దగ్గర, మా అత్త వల్ల నేర్చుకున్నాను.

మా చర్చి ఊరికి పైన, గట్టు మీద ఉంటుంది. వెనకంతా కాఫీ తోట. నా చిన్నప్పుడు బాప్తిస్మాలన్నీ కింద గెడ్డలోనే జరిగేవి. నేనూ అందులోనే మునిగాను. చలికి పళ్ళు టకటక కొట్టుకుంటుంటే ఒడ్డున ఉన్నవాళ్ళు పాట ఆపేసి నవ్వడం ఇప్పటికీ గుర్తే. తర్వాత గెడ్డ ఎగువన కాఫీ పళ్ళ తొక్క తీసే మిషన్లు వచ్చాయి. సీజన్లో నీళ్ళు పులిసిన వాసన వేసేవి. ఈస్టరు నాటికి మోకాలి లోతు కూడా ఉండేవి కావు. అందుకని సంఘమంతా కలిసి చర్చి పక్కనే తొట్టి కట్టుకున్నాం. మగవాళ్ళం రాళ్ళు మోశాం, ఆడవాళ్ళు ఇసుక మోశారు. ఒక పక్క దిగడానికి మెట్లు, అడుగున నీళ్ళు వదలడానికి కన్నం, కొండ ఊట నుంచి ప్లాస్టిక్ పైపు. లోపల తెల్ల సిమెంటు పూత వేయించింది నేనే. రిసార్టు పూల్ చూసుకునేవాణ్ణి కదా, ఈ విషయాలు నాకే తెలుసన్న గర్వం ఉండేది.

అత్త అంటే మా నాన్నకి స్వయానా చెల్లెలు. ఆమె కూతుర్నే నేను చేసుకున్నాను. అంచేత నన్ను అల్లుడిలా ఏనాడూ మన్నించలేదు, చిన్నప్పటిలాగే "ఒరే" అనేది. నా భార్య పెళ్ళికి ముందు నుంచే ప్రభువుని నమ్ముకుంది. తల్లి కూడా నమ్మాలని ఏళ్ళ తరబడి ఉపవాస ప్రార్థనలు చేసింది. అత్త ప్రతి ఆదివారం కూతురితో పాటు చర్చి దాకా వచ్చేది. లోపలికి మాత్రం వచ్చేది కాదు. గోడకి చేరబడి, నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డచుట్ట కాలుస్తూ ఆరాధన అయ్యేదాకా కూర్చునేది.

"లోపలికి రావచ్చు కదా అత్తా," అనేవాణ్ణి.

"లోపలికొత్తే సుట్ట ఆర్పాల. వాక్యం ఇక్కడికీ ఇనపడతంది కదరా. నీ పాటైతే ఊరంతా ఇనపడతంది, అదే ఇబ్బంది."

మామ పోయిన తర్వాతి క్రిస్మస్‌కి, నా భార్య సాక్ష్యం చెబుతుండగా, అత్త గుమ్మం దాటి లోపలికొచ్చి ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. చుట్ట లేదు. ఆరాధన అయ్యాక పాస్టరు గారి దగ్గరికి తిన్నగా వెళ్ళి, "ఈస్టరుకి నాను దిగుతాను," అంది. నా భార్య కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మేమందరం ఆరోజు నుంచి ఈస్టరుకి రోజులు లెక్కపెట్టుకున్నాం. ఎందుకంటే అత్తకి అప్పటికే ఆయాసం మొదలైంది. కాఫీ తోట ఎక్కాలంటే మూడుసార్లు ఆగేది. ఈ ఈస్టరు తప్పితే మళ్ళీ క్రిస్మస్‌కే బాప్తిస్మాలు. డిసెంబరు చలిలో, కొండ నీళ్ళలో ఆమెని దించడం కుదిరే పని కాదు.

ఈస్టరుకి మూడు వారాల ముందు, ఒక శనివారం, తొట్టి కడుగుదామని పదిమందిమి వెళ్ళాం. క్రిస్మస్ బాప్తిస్మాలయ్యాక నీళ్ళు వదిలేసి అలాగే ఉంచాం. అడుగున గాలికి చేరిన ఆకులు ఊడ్చేసరికి మచ్చ బయటపడింది. తొట్టి మధ్యలో, పరిచిన చాప అంత మేర, నల్లగా ఉంది. తెల్ల సిమెంటు మీద మరీ నల్లగా కనబడింది. చీపుళ్ళు ఆగిపోయాయి.

"ఏట్రా ఇది?" అన్నాడు సంఘపెద్ద. ఆయనదీ కాఫీ తోటే, చర్చి తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి.

అందరూ నా వైపు చూశారు. నేను మెట్ల మీదే నిలబడి తీర్పు చెప్పేశాను. "ఇనప మచ్చ. బోరు నీళ్ళకి మా పూల్‌లో ఇలాటివి ఎన్ని సూడలేదు. యాసిడ్ పోత్తే గంటలో పోద్ది."

మా తొట్టికి బోరు లేదు. పైపు ప్లాస్టిక్‌ది. ఆ రెండూ నాకు తెలుసు. అయినా ఆ క్షణాన గుర్తు రాలేదు. రిసార్టులో నేను చూసిన నల్ల మచ్చలన్నీ ఇనపవే కాబట్టి ఇదీ అదే అనుకున్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక, అందరూ చూస్తుండగా, రబ్బరు చేతి తొడుగులు వేసుకుని యాసిడ్ పోశాను. సిమెంటు బుసబుస పొంగింది. ఘాటుకి అందరూ దగ్గుతూ వెనక్కి జరిగారు. నీళ్ళు కొట్టి చూస్తే మచ్చ మచ్చలాగే ఉంది. చుట్టూ ఉన్న నున్నటి పూత మాత్రం తినేసి గరుకు తేలింది. చుట్టూ ఇంకా తెల్లబడటంతో మచ్చ మునుపటి కన్నా నల్లగా కనబడింది.

సంఘపెద్ద తల అడ్డంగా ఊపాడు. "మందుకి పోయే మచ్చ కాదురా ఇది," అన్నాడు. మాటవరసకే అన్నాడు. అత్త చేతిలో చీపురు ఉంది. దాన్ని గోడకి చేరవేసి, ఎవరికీ చెప్పకుండా కిందికి దిగి వెళ్ళిపోయింది.

సాయంత్రం నా భార్య ఏడుపు మొహంతో వచ్చింది. "అమ్మ దిగనంటంది బావా."

పరిగెత్తుకుని వెళ్ళాను. అత్త పొయ్యి ముందు కూర్చుని చోడి అంబలి కలుపుతోంది.

"ఏటత్తా ఇది? మాటిచ్చినావు కదా?"

"ఆ మచ్చ పోతే దిగుతాను. పోకపోతే నేదు."

"మచ్చకీ నీకూ ఏటి సంబంధం?"

"నీకెందుకురా? పోగొట్టు ముందు. గంటలో పోద్దన్నావు, ఎన్ని గంటలయినాయి?"



మర్నాడు పాస్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మైదానం నుంచి వచ్చినవారు. మెల్లగా మాట్లాడతారు, మెల్లగానే తిడతారు. జరిగిందంతా విని, "ధర్మశాస్త్రంలో ఇంటి గోడకి మచ్చ వస్తే యాజకుడు ఏం చేశాడు?" అని అడిగారు.

నాకు ఆ అధ్యాయం బాగా తెలుసు. బైబిలు పోటీల్లో బహుమతి తెచ్చుకున్నవాణ్ణి. "మచ్చ ఉన్న రాళ్ళు ఊడదీయించాడండి. గోడ గీయించాడండి."

"అది తర్వాత. అంతకుముందు?"

"ఇల్లు మూయించాడండి."

"దానికంటే ముందు?"

ఆగి ఆలోచించాను. "చూశాడండి."

"చూశాడు. ఏడు రోజులు ఆగాడు. మళ్ళీ వచ్చి మళ్ళీ చూశాడు. అప్పుడు గాని రాయి ముట్టుకోలేదు. నువ్వు మెట్టు కూడా దిగకుండా యాసిడ్ పోశావు. నీకు ఆ అధ్యాయం నోటికి వచ్చు, అదే వచ్చిన చిక్కు," అన్నారు.

ఆ మాట గుచ్చుకుంది. ఆ రోజు నుంచి పనికి వెళ్ళేముందు రోజూ గట్టెక్కి తొట్టిలోకి దిగి కూర్చున్నాను. మొదటి రోజు మచ్చని చూస్తే నా మీద నాకు కోపమే తప్ప ఇంకేమీ తోచలేదు. పొరపాటుకి పొరపాటు తోడవకూడదని, పోసిన యాసిడ్ ఆనవాలు లేకుండా రెండు రోజుల పాటు నీళ్ళతో మళ్ళీ మళ్ళీ కడిగాను. యాసిడ్ మిగిలిన చోట బ్లీచింగ్ తగిలితే వచ్చే పొగ ఊపిరితిత్తుల్ని పట్టేస్తుంది. ఆ మాత్రం జ్ఞానం మిగిలింది.

మూడో రోజు నుంచి మచ్చ మాట్లాడటం మొదలుపెట్టింది. ఇనుమైతే పైపు మూతి దగ్గర మొదలై కిందికి చార కట్టాలి. పైపు కింద తెల్లగానే ఉంది. నల్ల పాచి అయితే నీడ ఉన్న మూలలో పట్టాలి, వేలికి జిగురుగా తగలాలి. ఈ మచ్చ రోజంతా ఎండ పడే చోటే ఉంది, తాకితే పొడిగా ఉంది. ఆకులు కుళ్ళి దిగిన మరకైతే ఆకు ఆకారాలు విడివిడిగా కనబడాలి. ఇది ఒకే పరుపులా ఉంది, అంచులు చేత్తో సర్దినట్టు ఉన్నాయి.

ఆరో రోజు ఆరోగ్య కేంద్రం నుంచి సి విటమిన్ బిళ్ళలు తెచ్చి, తడిచేసి, మచ్చ మీద రుద్దాను. ఇనప మచ్చ అయితే దానికి తేలిపోతుంది. సంఘపెద్ద గోడ మీంచి తొంగి చూశాడు.

"ఏటి సేత్తన్నావురా?"

"బిళ్ళ రుద్దుతున్నాను పెద్దయ్యా."

"తొట్టికి నీరసం వచ్చిందేటి? సెలైన్ కూడా ఎక్కించు మరి."

మచ్చ చెక్కు చెదరలేదు. అంటే ఇనుము కాదు. పది నిమిషాల పని. యాసిడ్‌కి ముందు ఇది చేసి ఉంటే పూత మిగిలేది. తర్వాత ఇంకోచోట, శుభ్రంగా కడిగి, రూపాయి బిళ్ళంత మేర నీళ్ళలో కలిపిన బ్లీచింగ్ పెట్టాను. కాసేపటికి అక్కడ నలుపు టీ రంగుకి తిరిగింది. ఇక అనుమానం లేదు. ఆకో, కాయో, పండో, చెట్టు నుంచి వచ్చినదేదో సిమెంటులోకి దిగింది.

ఏడో రోజు ఇంకాసేపు ఉండిపోయాను. సూర్యుడు కొండ మీదికి వచ్చేసరికి ఎండ ఏటవాలుగా అడుగున పడింది. అప్పుడు మచ్చలో చాళ్ళు కనబడ్డాయి. ఒకదాని పక్కన ఒకటి, జంటలు జంటలుగా. ప్రతి జంటలో ఒకటి తిన్నగా ఉంది, రెండోది వంకరగా, ఈడ్చినట్టు ఉంది. ఎక్కడో చూశాననిపించింది, ఎక్కడో గుర్తు రాలేదు.

ఆ సాయంత్రం నా భార్య పంపిన కూర గిన్నె తీసుకుని అత్త ఇంటికి వెళ్ళాను. వాకిట్లో చాప మీద మిరియాలు ఎండుతున్నాయి. అత్త నడుం మీద చేతులు పెట్టుకుని, కాళ్ళతో వాటిని తిరగేస్తోంది. మా వైపు అందరం అలాగే చేస్తాం, కాళ్ళతో చాళ్ళు తీసుకుంటూ నడుస్తాం. అత్త కుడికాలు తిన్నగా వెళ్తోంది. ఎప్పుడో తోటలో జారిపడి విరిగి, అడ్డదిడ్డంగా అతుక్కున్న ఎడమకాలు వెనక ఈడుస్తోంది. చాప మీద ఒక తిన్నని చాలు, పక్కన ఒక వంకర చాలు.

గిన్నె గుమ్మంలో పెట్టి కూర్చున్నాను. అత్త నా మొహం చూసింది, మిరియాలు చూసింది, తన కాళ్ళు చూసుకుంది. వచ్చి నా పక్కన కూలబడింది.

"తెలిసిపోనాదేటి?"

"కాఫీ పళ్ళేనా అత్తా?"

"కాఫీయే. సంక్రాంతి ఎలిపోనాక. టార్పాలిన్ సిరిగిపోనాది. వాకిట్లో ఏత్తే మట్టి. కోళ్ళొకటి, మేకలొకటి. ఆ తొట్టి సూత్తే తెల్లగా, సుట్టూ గోడలు, కోడి రాదు, మేక రాదు, పొద్దస్తమానం ఎండ. ఎవులు కట్టారో గానీ కాఫీ కోసమే కట్టినట్టుంది."

"నేనే కట్టించాను."

"నాలుగు రోజులన్నాను. మూడో రోజు జల్లు పడ్డాది. బేగి ఎక్కలేకపోనాను, ఆయాసం. ఎల్లేసరికి పళ్ళన్నీ నానిపోనాయి. ఎత్తీసినాను. అప్పుడు మచ్చ ఇంత లేదురా. ఆకులు కప్పీసినాయి, మరిసిపోనాను." గొంతు తగ్గించింది. "మాటిచ్చినాక సేసినాను. దేవుడి తొట్టని తెలిసే సేసినాను. మన రాతి దేవత కాడ తప్పు సేత్తే గుర్తు పడద్దని మా అమ్మ సెప్పేది. ఈయన కాడా పడ్డాది. నువ్వు యాసిడ్ పోసినా పోలేదు. నన్నొద్దన్నాడనే కదా?"

వారం రోజులుగా ఈ ముసలిది ఈ మాట లోపల పెట్టుకుని అంబలి కలుపుకుంటోంది. పొరపాటు మందు పోసి, పోదని అందరి ముందూ రుజువు చేసింది నేను. ఆమె భయానికి సాక్ష్యం సమకూర్చింది నేను.

"అత్తా, ఆ మచ్చ పోకపోవడం నా తప్పు. సూడకుండా మందేసినాను. నీ దేవుడు నిన్నొద్దనలేదు. ఆదివారం నేను అందరి ముందూ ఒప్పుకుంటాను."

"నువ్వెందుకు? కాఫీ నీదేటి?" అని లేచింది. "నా నోరు నాకుంది."

ఆదివారం సాక్ష్యాల సమయంలో అత్త గుమ్మం పట్టుకుని లేచి నిలబడి, టార్పాలిన్ దగ్గర్నుంచి మొత్తం చెప్పింది. కోళ్ళు, మేకలు కూడా వదల్లేదు. ఆమె తర్వాత నేను లేచి నాది చెప్పాను. సంఘపెద్ద గొంతు సవరించుకున్నాడు.

"నానూ ఒకటి సెప్పాల. మిరియాలు అందులో ఏత్తే బాగుండునని నాకూ తోసింది. తాళాలు నా కాడున్నాయని సిగ్గేసి మానేసినాను."

ముందు ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. నవ్వులు సద్దుమణిగాక పాస్టరు గారు అత్తతో అన్నారు: "యాజకుడు ఆ మచ్చని అన్ని రోజులు చూసింది, ఆ ఇంటివాళ్ళు మళ్ళీ అందులో కాపురం ఉండటానికేనమ్మా."

అత్తకి ఎంత అర్థమైందో తెలియదు. "మరైతే పోగొట్టమను," అంది నా వైపు చూపించి.

సోమవారం నుంచి మొదలుపెట్టాను. బ్లీచింగ్ పొడిని నీళ్ళలో ముద్దగా కలిపి మచ్చ మీద పట్టించి, ఆరిపోకుండా పైన తడి గోనెసంచులు కప్పాను. కొన్ని గంటలయ్యాక తీసి, కొబ్బరి పీచుతో రుద్ది, కడిగాను. ఇనప తీగ బ్రష్ దగ్గరికి రానివ్వలేదు. దాని ముక్కలు విరిగి సిమెంటులో ఉండిపోతే, అవి తుప్పు పట్టి నిజంగానే ఇనప మచ్చలొస్తాయి. అత్త రోజూ గట్టెక్కి వచ్చేది. ఘాటుకి దూరంగా ఉండమన్నాను. పది అడుగుల అవతల రాయి మీద, ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని కూర్చుని, అక్కణ్ణుంచే పని చేయించేది.

"ఆ మూల రుద్దినావా?"

"రుద్దినాను."

"రుద్దినోడి భుజం అలా ఉండదురా. మా పక్కింటి పిల్ల ఇంతకన్నా బాగా గిన్నె తోముద్ది."

నలుపు ముదురు గోధుమ రంగుకి దిగింది, ఆ తర్వాత టీ రంగుకి. రోజుకొక మెట్టు. శుక్రవారం గుడ్ ఫ్రైడే, శ్రమల ధ్యానాలకని పని ఆపేశాం. శనివారం పొద్దున్న ఆఖరిసారి కడిగి చూస్తే, పల్చటి టీ చుక్క గుడ్డ మీద పడి ఆరినట్టు లేత రంగు ఇంకా మిగిలే ఉంది. చాళ్ళు కూడా, తెలిసినవాళ్ళకి కనబడేంత. యాసిడ్ తినేసిన గరుకులో రంగు లోతుకి దిగిపోయింది. అది ఇక పోదు.

అత్త రాయి మీంచి లేచి గోడ దగ్గరికి వచ్చింది. "పూర్తిగా పోలేదత్తా. నేను యాసిడ్ పోయకపోతే పోయేది."

ఆమె గోడ మీద మోచేతులు ఆన్చి చాలాసేపు చూసింది. పక్కన నిలబడ్డ నా భార్య కళ్ళు మూసుకుంది, ప్రార్థన చేస్తోందని తెలుస్తోంది. పైపులోంచి ఊట నీళ్ళు పక్కనున్న మట్టిలో పడుతున్నాయి.

"నా వాకిలి కన్నా తెల్లగానే ఉంది," అంది అత్త. "నీళ్ళు ఒగ్గు." పైపు మూతి తొట్టిలోకి తిప్పాను.

ఈస్టరు పొద్దున్న ఐదుగురు దిగారు. అత్త ఆఖరున. తెల్ల చీర కట్టుకుని, ఎడమకాలు ఒక్కో మెట్టు మీద ఆన్చి చూసుకుంటూ దిగింది. పాస్టరు గారు చెయ్యి అందించారు. నీళ్ళు ఛాతీ దాకా వచ్చేసరికి ఊపిరి అందక ఆగింది. తొట్టి మధ్యలో, ఆ లేత రంగు మీద నిలబడింది. విశ్వసిస్తున్నావా అని ఆయన అడిగారు. "ఆఁ," అంది, గట్టు కింద ఊరికి వినబడేలా. మునిగింది. లేచింది. పాట ఎత్తుకోబోతుండగా, కళ్ళు తుడుచుకుంటూ నా కోసం వెతికింది.

"ఒరే అల్లుడా, సరిగ్గా కడగలేదేట్రా? కళ్ళు మండిపోతన్నాయి!"

ఆ ఈస్టరు పాట నవ్వుతోనే మొదలైంది.

అత్త ఇంకో రెండు కాఫీ పంటలు చూసింది. ప్రభువులో నిద్రించి అప్పుడే కొన్నేళ్ళవుతోంది. ఆ ఈస్టరు తర్వాతి వారమే సంఘపెద్ద తొట్టి బయటి గోడ మీద నీలం రంగుతో పెద్ద అక్షరాలు రాయించాడు: ఈ తొట్టిలో కాఫీ, మిరియాలు ఎండబెట్టరాదు. చదువు రాని అత్త ఆ అక్షరాల కింద వేలు పెట్టి నా భార్య చేత చదివించుకుని, నేర్చుకుంది. ఆమె చదవగలిగిన ఒకే ఒక్క వాక్యం అది. చర్చికి కొత్తగా ఎవరొచ్చినా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, గడగడా చదివి వినిపించి, "నా వల్లే రాసినారు," అనేది.

మొన్న తొట్టి లోపల నీలం టైల్స్ వేయించారు. మేస్త్రీ పాత పూత గీకుతుంటే నేను పక్కనే ఉన్నాను, అతను గీకే ముందు ఒకసారి దిగి చూసుకుని వచ్చాను. బయటి గోడకి కూడా కొత్త రంగు వేద్దామన్నాడు. ఆ గోడ జోలికి వెళ్ళొద్దని చెప్పాను. వర్షాలకి అక్షరాలు కొంచెం వెలిశాయి. ఈ వేసవిలో నేనే డబ్బా రంగు తెచ్చి, వాటి మీదే మళ్ళీ దిద్దాలి.